కూబర్ పీడీ: నేల కింద ఊరు

 

క్రిందటి నెల సోషల్ క్లాసులో సారు ఆస్ట్రేలియా ఖండం గురించి చెప్తూ, "ఆ దేశంలో ఎడారి మధ్య ఒక ఊరుంది. అక్కడ సగం మంది నేల కింద ఇళ్లు తొలుచుకొని కాపురం ఉంటారు" అన్నారు. క్లాసంతా ఒకటే నవ్వు. వెనక బెంచీ నుండి ఒకరు "ఎలకల్లాగానా సారూ?" అన్నారు. ఇంకొకరు "పిచ్చోళ్లు సారూ" అన్నారు. ఆ రెండో మాట అన్నది నేనే.

సారు కోప్పడలేదు. "పిచ్చోళ్లో కాదో నువ్వే చదివి తెలుసుకొని గోడపత్రికలో రాయి. తెలుసుకోకుండా మాత్రం అనొద్దు" అన్నారు. అందుకని ఈ వ్యాసం రాస్తున్నాను. స్టడీ అవర్‌లో అట్లాసు ముందు పెట్టుకొని చదివితే బాగా అర్థమవుతుంది.

1. ఆ ఊరు ఎక్కడున్నది?

అట్లాసులో ఆస్ట్రేలియా పటం తీయండి. దక్షిణ ఆస్ట్రేలియా అనే రాష్ట్రం ఉంటుంది. దాని రాజధాని అడిలైడ్, సముద్రం ఒడ్డున. అక్కడి నుండి ఉత్తరానికి వేలు జరుపుకుంటూ పోండి. స్టువర్ట్ హైవే అనే రోడ్డు మీద సుమారు 850 కి.మీ. పోతే కూబర్ పీడీ వస్తుంది. ఇంకా పైకి పోతే దాదాపు 700 కి.మీ. దూరంలో ఆలిస్ స్ప్రింగ్స్ అనే పట్టణం. ఈ రెండింటి నడుమ చెప్పుకోదగ్గ ఊళ్లు బహు తక్కువ. అంతా ఎర్రమట్టి, రాళ్లు, బీడు.

అక్కడ ఏడాది మొత్తం మీద పడే వాన సగటున 150 మి.మీ. లోపే. మన ఏజెన్సీలో 1000 మి.మీ. పైగా పడుతుంది. అంటే మనకు ఒక్క ముసురు పట్టినప్పుడు పడేంత వాన వాళ్లకు సంవత్సరమంతా. వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. చలికాలం రాత్రులు గడగడ వణికిస్తాయి. చెట్టు లేదు, నీడ లేదు, పారే ఏరు లేదు. మరి అలాంటి చోట మనుషులు ఎందుకున్నారు?

2. మాట వినని పిల్లవాడు

1915వ సంవత్సరం. బంగారం వెదుక్కుంటూ కొందరు ఒంటెల మీద ఆ ఎడారిలోకి వచ్చారు. వారిలో జేమ్స్ హచిసన్ అనే అతనితో పాటు అతని కొడుకు విల్లీ కూడా ఉన్నాడు. విల్లీకి 14 ఏళ్లు. అంటే మన తొమ్మిదో తరగతి అన్నంత వయసు. బంగారం దొరకలేదు సరికదా తాగేందుకు నీళ్లు కూడా అయిపోవచ్చాయి. ఫిబ్రవరి 1వ తేదీన పెద్దవాళ్లు పిల్లవాణ్ని గుడారం దగ్గరే ఉండమని చెప్పి నీళ్లు వెదకడానికి పోయారు.

విల్లీ ఉన్నాడా? లేదు. మాట వినకుండా తనూ తిరగటానికి పోయాడు. ఒక చిన్న గుట్ట అడుగున నేల మీద పడి ఉన్న మెరిసే రాళ్లు ఏరుకొని వచ్చాడు. అవి ఓపల్ రాళ్లు. ఎనిమిది రోజుల తర్వాత అక్కడ మొదటి గని హద్దు రాళ్లు పాతారు. ఊరికి అదే పుట్టుక.

(తమ్ముళ్లకు గమనిక: దీన్నిబట్టి వార్డెన్ గారి మాట వినకుండా బయట తిరగవచ్చునని అనుకోవద్దు. నీళ్లు లేని ఎడారిలో ఒంటరిగా పోయిన పిల్లవాడు తిరిగి రావటమే గొప్ప అదృష్టం.)

1920లో అక్కడ పోస్టాఫీసు పెట్టినప్పుడు ఊరికి కూబర్ పీడీ అని పేరు ఖాయం చేశారు. ఇది అక్కడి ఆదివాసుల భాషలోని 'కుపా పితి' అన్న మాట నుండి వచ్చింది. 'తెల్లవాడి బొరియ' అని దాని అర్థం చెప్తారు. అంటే ఎడారిలో వేల ఏళ్లుగా నీటి గుంట నుండి నీటి గుంటకు నడుస్తూ బ్రతికిన వాళ్లకు, కొత్తగా వచ్చి నేలను తొలిచే ఈ తెల్లవాళ్లే వింతగా కనిపించారన్న మాట! ఎవరు ఎవరికి వింత అన్నది, చూసేవాడు ఎక్కడ నిలబడ్డాడన్న దాన్ని బట్టి ఉంటుంది.

3. ఓపల్ అంటే ఏమిటి?

ఓపల్ ఒక రకం విలువైన రాయి. ఇసుకలో ఉండే సిలికా అనే పదార్థం నీటిలో కరిగి, రాతి పగుళ్లలోకి దిగి, లక్షల సంవత్సరాలు మెల్లగా గడ్డకట్టగా తయారవుతుంది. అందుకే దాని లోపల ఇప్పటికీ కొంత నీరు ఉంటుంది. సాధారణంగా నూటికి 6 నుండి 10 వంతులు. చుక్క నీళ్లు లేని ఎడారిలో నీళ్లు దాచుకున్న రాయి!

దానిలో సిలికా కంటికి కనబడనంత చిన్న గుండ్లుగా వరుసగా పేర్చినట్లు ఉంటుంది. ఆ వరుసల మధ్య వెలుతురు విరిగి వేరువేరు రంగులుగా బయటికి వస్తుంది. రాయిని అటూ ఇటూ తిప్పితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మారుతూ కనపడతాయి. నెమలి ఈకను ఎండలో తిప్పినట్లు.

1956లో కూబర్ పీడీ దగ్గర 'ఎయిట్ మైల్' అనే గనిలో 17,000 కేరట్ల ఓపల్ దొరికింది. అంటే దాదాపు మూడున్నర కిలోలు. ఆ ఏడాది మెల్‌బోర్న్ నగరంలో ఒలింపిక్ ఆటలు జరిగినందున దానికి 'ఒలింపిక్ ఆస్ట్రాలిస్' అని పేరు పెట్టారు.

ఇక్కడ ఒక సంగతి మనం తప్పక గుర్తుంచుకోవాలి. ఆ ఎయిట్ మైల్ గనిని వెలుగులోకి తెచ్చింది టాటీ బ్రయంట్ అనే ఆదివాసీ స్త్రీ. 1930ల ఆర్థిక మాంద్యం కాలంలో ఓపల్ ధర పడిపోయి ఊరు దాదాపు ఖాళీ అయింది. 1946లో ఆమెకు మంచి రాయి దొరికిన కబురు పాకాక జనం మళ్లీ వచ్చారు. ఒకసారి ఒక పిల్లవాడు, ఇంకోసారి ఒక ఆదివాసీ స్త్రీ. పెద్ద పెద్ద చదువుల వాళ్లు కాదు, నేల వైపు చూస్తూ నడిచిన వాళ్లు.

4. నేల కింద ఇల్లు ఎలా కడతారు?

నిజానికి కట్టరు, తొలుస్తారు. ఆ ఇంటిని 'డగౌట్' అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నుండి తిరిగి వచ్చిన సైనికులు కొందరు ఓపల్ కోసం ఇక్కడికి చేరారు. యుద్ధంలో కందకాలు తవ్వుకొని తలదాచుకున్న అలవాటు వారికుంది. కట్టడానికి కలప లేదు, ఇటుక లేదు. ఎండ తప్పించుకోవటానికి గుట్టలోకి తొలుచుకొని పోవటమే దారి అయింది.

బావిలాగా కిందికి తవ్వుతారని నేననుకున్నాను. అది పొరపాటు. గుట్ట పక్క నుండి అడ్డంగా తొలుస్తారు. వాకిలి బయటి నేలకు సమానంగానే ఉంటుంది. అక్కడి ఇసుకరాయి గోరు గీస్తే రాలేటంత మెత్తన కాదు, పలుగుకు లొంగనంత గట్టిదీ కాదు. గది తొలిస్తే కప్పు దానంతట అదే నిలబడుతుంది, దూలాలు అక్కరలేదు. గాలి ఆడటానికి పైకి ఒక గొట్టం లాంటి రంధ్రం వేస్తారు. గూడు కావాలంటే గోడలో తొలుచుకోవటమే. బీరువా కొనక్కరలేదు!

ఇక అసలు సంగతి. బయట 45 డిగ్రీలున్నా లోపల సుమారు 23 నుండి 25 డిగ్రీలే. బయట చలి వణికిస్తున్నా లోపల అంతే. ఎందువలన? రాయి మందంగా ఉన్నది. వేడి గాని చలి గాని ఆ మందం దాటి లోపలికి రావటానికి చాలా కాలం పడుతుంది. అది వచ్చేలోగా బయట కాలమే మారిపోతుంది. అందువలన లోపల ఏడాది పొడవునా సగటు వేడే నిలిచి ఉంటుంది. కరెంటు ఖర్చు లేదు, ఫ్యాను లేదు. సైన్స్ మేడం గారు చెప్పిన 'ఉష్ణ బంధకం' పాఠం ఇక్కడ ఊరంతా వాడుకుంటున్నది.

ఆ ఊళ్లో ఇళ్లే కాదు, చర్చీలు, హోటళ్లు, పుస్తకాల దుకాణం కూడా నేల కింద ఉన్నవి. ఊరి మధ్య గని తవ్వటానికి ఇప్పుడు అనుమతి లేదు. కాని ఇంటికి కొత్త గది తొలుచుకోవచ్చు. అలా గది తొలుస్తుంటే గోడలో ఓపల్ తగిలిన వాళ్లూ ఉన్నారట. అందుకే కొందరికి గదులు ఎన్నున్నా చాలవని అక్కడి వాళ్లు నవ్వుకుంటారు.

5. నీళ్లు, కరెంటు

మొదట్లో నీళ్లు దూరం నుండి మోసి తెచ్చుకునేవారు. ఇప్పుడు ఊరికి 24 కి.మీ. దూరంలో లోతైన బోరు ఉంది. ఆ నీళ్లు ఉప్పగా ఉంటాయి. వాటిని పైపులో ఊరికి తెచ్చి, యంత్రంలో ఉప్పు వడకట్టి ఇంటింటికీ ఇస్తారు. నీటి ధర ఎక్కువగా ఉండేది. అందుకే అక్కడ నీళ్లు పారబోసేవాణ్ని ఎవ్వరూ మెచ్చుకోరు. (మన కొళాయిల దగ్గర చూస్తే ఏమంటారో!)

రాష్ట్రమంతటికీ కరెంటు తీసుకుపోయే పెద్ద లైన్లు ఆ ఊరిదాకా రావు. అందుకని ఊరికి ఊరే కరెంటు తయారు చేసుకోవాలి. చాలాకాలం డీజిల్ ఇంజన్లతో నడిపారు. 2017 నుండి గాలిమరలు, సూర్యరశ్మి పలకలు, పెద్ద బ్యాటరీ కూడా జతచేశారు. వాళ్లను చంపుకుతిన్న ఎండ, గాలులే ఇప్పుడు దీపాలు వెలిగిస్తున్నవి.

6. వింత మనుషులు

ఇప్పుడు మీరందరూ ఎదురు చూస్తున్న భాగం. 2021 జనాభా లెక్కల ప్రకారం అక్కడ సుమారు 1500 మంది ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత యూరపు దేశాల నుండి ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న వాళ్లు ఎందరో వచ్చి చేరారు. 40కి పైగా దేశాల వాళ్లు కలిసి బ్రతికిన ఊరు అది. "నువ్వెవరు? ఎక్కడి నుండి వచ్చావు?" అని ఎక్కువ అడగరు. "పలుగు పట్టగలవా?" అన్నదే ముఖ్యం.

మొసళ్ల హారీ: ఇతని అసలు పేరు ఆర్విడ్ బ్లూమెంటాల్స్. లాట్వియా అనే చిన్న దేశంలో పుట్టాడు. ఆస్ట్రేలియా ఉత్తర భాగంలో ఏళ్ల తరబడి మొసళ్లను వేటాడి, తర్వాత కూబర్ పీడీ చేరి గుట్టలో ఇల్లు తొలుచుకున్నాడు. దానికి 'మొసలి గూడు' అని పేరు. గోడల నిండా తను చెక్కిన బొమ్మలు, వచ్చిపోయిన వాళ్లు రాసిన పేర్లు, వేలాడదీసిన వస్తువులు. 1985లో వచ్చిన ఒక 'మ్యాడ్ మాక్స్' సినిమాలో ఆ ఇంటిని చూపించారు. ఆయన తను జమీందారీ వంశం వాణ్నని కూడా చెప్పుకొనేవాడు. ఎంత నిజమో ఎవరూ నిలదీయలేదు. 2006లో కాలం చేశాడు. ఇప్పటికీ ఆ గూడు చూడటానికి జనం పోతారు.

ఫే నేలర్: ఈమె 1960లలో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి పలుగు, పార పట్టుకొని పదేళ్ల పాటు తొలిచి ఇల్లు చేసుకున్నది. అందులో ఈతకొలను కూడా ఉన్నది! ఆడవాళ్లకు అంత పని చేతనవునా అన్నవాళ్లకు ఆ ఇల్లే జవాబు.

గడ్డి లేని గోల్ఫ్: గోల్ఫ్ ఆట పచ్చటి గడ్డి మీద ఆడతారు. కూబర్ పీడీ మైదానంలో ఒక్క గడ్డిపోచ లేదు. ఆడేవాళ్లు చిన్న గడ్డి చాప ముక్క వెంట తెచ్చుకొని, దానిమీద బంతి పెట్టి కొట్టి, మళ్లీ చాప తీసుకొని నడుస్తారు. పగలు ఎండ కాబట్టి రాత్రి వేళ వెలిగే బంతులతో ఆడటం కూడా ఉంది.

ఇనుప చెట్టు: ఊళ్లో పిల్లలు ఎక్కటానికి చెట్టు లేదు. అందుకని పాత ఇనుము వెల్డింగు చేసి ఒక చెట్టును చేసి గుట్ట మీద నిలబెట్టారు. అదే ఆ ఊరి 'మొదటి చెట్టు' అంటారు.

సినిమా బోర్డు: 1965లో అక్కడ కార్లలో కూర్చొని చూసే ఆరుబయట సినిమా హాలు పెట్టారు. సినిమా ముందు తెర మీద ఒక ప్రకటన వేసేవారు. "దయచేసి పేలుడు మందు లోపలికి తేవద్దు" అని! గనిలో వాడే మందు జేబుల్లో పెట్టుకొని తిన్నగా సినిమాకు వచ్చేవాళ్లన్న మాట.

ఫుట్‌బాల్ జట్టు: ఆ ఊరి జట్టు పేరు సెయింట్స్. మ్యాచ్‌లు రాక్స్‌బీ డౌన్స్ అనే మరో ఊళ్లో ఆడేవారు. ఒక్క మ్యాచ్ కోసం రానూ పోనూ 900 కి.మీ. పైగా ప్రయాణం చేయవలసి వచ్చేది. మనం పక్క మండలానికి కబడ్డీకి పోవటానికే జీపు లేదని గునుస్తాం!

ఇవన్నీ చదివినప్పుడు మొదట నేను మళ్లీ నవ్వుకున్నాను. తర్వాత ఒక్కొక్కటి పట్టుకొని "ఎందుకు ఇలా చేశారు?" అని అడుగుతూ పోయాను. ప్రతిదానికీ ఒక కారణం దొరికింది. గడ్డి లేదు, కాబట్టి చాప. చెట్టు లేదు, కాబట్టి ఇనుము. కలప లేదు, కాబట్టి గుట్ట. మనం పిచ్చి అనుకున్నది ఆ చోట పడ్డ కష్టానికి వాళ్లు కనిపెట్టిన జవాబు.

7. పలుగు పట్టని ధైర్యం: ఆ ఊరి అవ్వలు

తన కాళ్ల మీద తాను నిలబడటమంటే గుట్ట తొలవటం ఒక్కటే కాదు. 1953లో బ్రిటన్ ప్రభుత్వం కూబర్ పీడీకి పడమటి వైపు ఎమూ ఫీల్డ్ అనే చోట అణుబాంబులు పేల్చి పరీక్షించింది. ఆ ప్రాంతపు ఆదివాసులు ఆ నల్లటి పొగమబ్బును, తర్వాత వచ్చిన జబ్బులను మరచిపోలేదు. 1998లో ఆస్ట్రేలియా ప్రభుత్వం అణు వ్యర్థాలను ఆ ఎడారిలోనే పాతిపెట్టాలని తలపెట్టింది. "అక్కడెవరున్నారు? ఖాళీ నేలే కదా" అన్నట్లు.

కూబర్ పీడీలోని ఆదివాసీ ముసలమ్మలు అప్పటికే ఒక సంఘంగా కూడి ఉన్నారు. దాని పేరు 'కుపా పితి కుంగ్‌కా జుటా', అనగా కూబర్ పీడీ స్త్రీల గుంపు. "విషం, వదిలిపెట్టండి" అని అర్థం వచ్చే 'ఇరాటి వాంటి' అనే మాటే వారి ఉద్యమానికి పేరు. ఊరూరూ తిరిగారు, నగరాలకు పోయి సభల్లో మాట్లాడారు. వారిలో ఐలీన్ కంపకుటా బ్రౌన్, ఐలీన్ వానీ వింగ్‌ఫీల్డ్ అనే ఇద్దరికి 2003లో గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. 2004లో ప్రభుత్వం ఆ ఆలోచన మానుకున్నది. అక్కడి ఆదివాసులైన అంటకిరింజ మాటు యంకునిజజర ప్రజలకు 2011లో ఆ నేల మీద వారి సంప్రదాయ హక్కును కోర్టు గుర్తించింది.

ఈ భాగం చదివినప్పుడు నాకు మా అవ్వ గుర్తొచ్చింది. మా అవ్వ కూడా సంతకు పోతే గట్టిగా మాట్లాడుతుంది, అందరూ నవ్వుతారు. ఇకమీదట నేను నవ్వను.

8. చెడ్డ పక్క కూడా చెప్పాలి

వ్యాసమన్నాక మంచి ఒక్కటే రాస్తే అబద్ధమవుతుంది. ఊరి చుట్టూ పాత గని గుంటలు లక్షల కొద్దీ ఉన్నవి. చాలావాటికి మూత లేదు. "పరుగెత్తవద్దు, వెనక్కి నడవవద్దు" అని బోర్డులు పెట్టారు. మన ఏజెన్సీలోనూ రంగురాళ్ల కోసం తవ్వినచోట మట్టిపెళ్లలు విరిగిపడి ప్రాణాలు పోయినవని పెద్దలు చెప్తారు. కాబట్టి ఎవరైనా "రాయి దొరికితే లక్షాధికారివి" అని ఆశపెడితే పోవద్దు. ఓపల్ వెదికిన వాళ్లలో కూడా ధనవంతులైన వాళ్లు తక్కువ, ఉత్త చేతులతో పోయిన వాళ్లు ఎక్కువ.

ఇంకొకటి. ఎవరికి వారే రాజు అన్నట్లు కనిపించినా ఆ ఊళ్లో ఎవ్వరూ ఒంటరిగా బ్రతకలేదు. చేతి గిరకతో మట్టి బకెట్టు పైకి లాగాలంటే కింద ఒకరు, పైన ఒకరు ఉండాలి. పైవాడు తాడు వదిలితే కిందివాడి పని అంతే. బోరు నీళ్లు అందరివి, కరెంటు అందరిది. నేను చదివి తెలుసుకున్నది ఇది. తన కాళ్ల మీద తాను నిలబడటమంటే ఎవరూ అక్కరలేదనటం కాదు. ఉన్నదానితో పని జరుపుకోవటం, తాడు పట్టుకున్న చేతిని వదలకపోవటం.

9. మన హాస్టల్ సంగతి

ఈ భాగం రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. సారు రాయమన్నారు.

జూన్‌లో ఆరో తరగతిలో ఒక తమ్ముడు చేరాడు. పేరు రాయను, అందరికీ తెలుసు. ట్రంకు పెట్టెతో పాటు ఒక సొరబుర్ర తెచ్చుకున్నాడు. వాళ్ల గూడెంలో పొలానికి పోయేటప్పుడు అందులోనే నీళ్లు, అంబలి పోసుకొని పోతారు. మనమందరం ప్లాస్టిక్ సీసాలు పట్టుకుంటే అతను బుర్ర పట్టుకొని బోరింగు దగ్గర లైనులో నిలబడేవాడు. మనం ఏమన్నాం? 'బుర్రోడు' అన్నాం. 'అడివోడు' అన్నాం. మనమెక్కడి వాళ్లమో మరచిపోయి అన్నాం. అందులో నా గొంతు చిన్నదేమీ కాదు.

అతను జవాబు చెప్పేవాడు కాదు. కొన్నాళ్లకు బుర్రను కిటికీ పక్క మేకుకు తగిలించి, తీయటం మానేశాడు. నీళ్లు దోసిట పట్టి తాగేవాడు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయాడు. శివరాత్రి కూడా దాటిపోయింది, ఇంకా రాలేదు. బుర్ర మేకుకే ఉన్నది.

డగౌట్ గోడ గురించి చదివిన రోజు రాత్రి నాకు ఆ బుర్ర కనిపించింది. మరునాడు సైన్స్ మేడం గారిని థర్మామీటరు అడిగాను. పొద్దున్నే ఒకే బోరింగు నీళ్లు ఒక ప్లాస్టిక్ సీసాలో, ఆ బుర్రలో పోసి, రెండూ వరండాలో ఒకే నీడలో పెట్టాం. మధ్యాహ్నం అన్నం గంట కొట్టాక చూశాం. సీసాలో నీళ్లు గోరువెచ్చగా ఉన్నవి. బుర్రలో నీళ్లు చల్లగా ఉన్నవి. థర్మామీటరు కూడా అదే చెప్పింది. మేడం గారు ఇలా వివరించారు: ఎండిన బుర్ర పెంకు గుల్లగా ఉండి లోపల గాలి పట్టుకొని ఉంటుంది, బయటి వేడిని త్వరగా లోపలికి పోనివ్వదు.

అంటే కూబర్ పీడీ గుట్ట ఏ పని చేస్తున్నదో, ఆ తమ్ముడి బుర్ర అదే పని చేస్తున్నది. ఆస్ట్రేలియాలో ఉంటే 'ఎంత తెలివి!' అని నోట్సులో రాసుకున్నాం. మన డార్మిటరీలో ఉంటే నవ్వాం.

సారు అడిగిన ప్రశ్నకు నా జవాబు: కూబర్ పీడీ వాళ్లు పిచ్చోళ్లు కారు. తెలుసుకోకుండా నవ్వినవాడే తెలివి తక్కువవాడు.

వార్డెన్ గారికి ఒక విన్నపం. వచ్చే ఆదివారం మీరు ఆ తమ్ముణ్ని తీసుకురావటానికి వాళ్ల గూడెం పోతున్నారని తెలిసింది. దయచేసి నన్ను కూడా వెంట తీసుకెళ్లండి. బుర్ర కడిగి ఉంచాను. దానిలో నీళ్లు పోసుకొని నేనే మోసుకొస్తాను. అతను వస్తానంటే లైనులో అతని పక్కన నిలబడతాను. రానంటే, ఎందుకు రానంటున్నాడో వాళ్ల నాన్నగారి ముందు నేనే చెప్పుకొని తప్పు ఒప్పుకుంటాను.

కఠిన పదాలకు అర్థాలు

ఉష్ణ బంధకం: వేడిని తన గుండా త్వరగా పోనివ్వని పదార్థం.
కందకం: యుద్ధంలో దాగటానికి తవ్వే పొడవాటి గుంట.
వ్యర్థాలు: వాడగా మిగిలిన పనికిరాని పదార్థాలు.

ప్రశ్నలు (జవాబులు కాగితం మీద రాసి సోషల్ సారుకు ఇవ్వండి)

1. డగౌట్ లోపల వేసవిలోను, చలికాలంలోను ఒకే వేడి ఎందుకుంటుంది?
2. ఓపల్‌ను తిప్పితే రంగులు ఎందుకు మారతాయి?
3. కూబర్ పీడీ అవ్వలు ఏ ప్రయత్నాన్ని ఆపించారు? ఎందుకు?
4. మీ ఇంట్లో గాని, మీ గూడెంలో గాని బయటివాళ్లు చూసి నవ్వే వస్తువు లేక పద్ధతి ఒకటి రాయండి. దాని వెనక కారణం మీ అవ్వను, తాతను అడిగి రాయండి. మంచివి వచ్చే గోడపత్రికలో వేస్తాం.

ఇట్లు,
10వ తరగతి విద్యార్థి